కొండవెలగాడలో బరువు దించడం నేర్చుకున్నాను

మా రాయగడలో మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక మాట తరచూ వినబడుతుంది. "రోజంతా బస్తాలు మోసేవాడికి మళ్ళీ వ్యాయామం ఎందుకు?" అని. ఇరవై రెండేళ్ళు నేనూ ఆ మాటే అన్నాను. అది తప్పని నలభై ఆరో ఏట తెలిసింది, అదీ మా చిన్నమ్మాయి వల్ల, నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ అనే ఊళ్ళో. ఆ ప్రయాణం సంగతే ఈసారి రాస్తున్నాను. మీ ఇంట్లో బరువులెత్తే పని చేసేవాళ్ళుంటే, వాళ్ళకి చదివే తీరిక లేకపోతే, రాత్రి అన్నాలయ్యాక మీరే చదివి వినిపించండి.

మా తాత పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. మా నాన్న కళాసీ. నేనూ కళాసీనే. రైసు మిల్లులో ధాన్యం బస్తాలు దించడం, నెట్టు కట్టడం, బియ్యం బస్తాలు లారీకి ఎత్తడం. ఆ మిల్లు పేరు ఇక్కడ అవసరం లేదు. డెబ్భై అయిదు కిలోల బస్తా ఇద్దరు ఎత్తి వీపు మీద వేస్తే పరుగులాంటి నడకతో వెళ్ళి నెట్టు మీద పడేసేవాణ్ణి. చుట్టాల పెళ్ళిళ్ళలో మా మేనల్లుళ్ళు నా చేతులు పట్టుకుని చూసి "మామయ్యవి రాళ్ళురా" అనుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ ప్రయాణానికి మూడేళ్ళ ముందు ఒక సాయంత్రం, లారీకి ఇంకా నలభై బస్తాలు మిగిలాయి. జతగాడు టీకి వెళ్ళాడు. వాడొచ్చేదాకా ఆగకుండా నేలమీది బస్తా ఒక్కణ్ణే పట్టుకుని, వంగినవాణ్ణి వంగినట్టే పక్కకి తిరిగాను. నడుములో ఏదో తెగినట్టయింది. బస్తా కింద పడింది, దాని పక్కనే నేనూ పడ్డాను. నొప్పి పిర్ర నుంచి ఎడమ కాలి మడమ దాకా కరెంటులా పాకింది. డాక్టరు గారు డిస్కు పక్కకి ఒత్తుకుందన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, మెల్లగా తగ్గుతుంది, మంచం మీదే ఉండిపోకుండా కొంచెం కొంచెం నడుస్తూ ఉండమన్నారు. నాలుగు నెలలకి కాలి నొప్పి పోయింది. భయం మాత్రం పోలేదు. మిల్లులో కాటా దగ్గర పని ఇచ్చారు, కూలి తగ్గింది. ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తాలన్నా మా ఆవిడనో పెద్దమ్మాయినో పిలిచేవాణ్ణి. చేతులు సన్నబడ్డాయి. మూడేళ్ళు అలాగే గడిచాయి.

ఇలా ఉండగా వేసవి సెలవులకి మా అప్ప ఇంటికి వెళ్ళిన చిన్నమ్మాయి నుంచి ఫోను. మా అప్పని నెల్లిమర్ల దగ్గర ఒక పల్లెకి ఇచ్చాం. "నాన్నా, నాను ఇక్కడే ఉండి పది చదువుతాను. సాయంత్రం పూట కొండవెలగాడ వెళ్ళి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటన్నాను" అంది. దానికి పదిహేనేళ్ళు. మా అమ్మ పక్కనుంచి విని నెత్తీనోరూ కొట్టుకుంది. "ఓలమ్మా, ఆడగుంటకి బరువులేట్రా! ఎత్తు ఎదగదు, రేపు కడుపు నిలవదు. తండ్రి నడుం ఇరిగింది సాల్దా? ఎల్లి తీసుకొచ్చీ." మా ఆవిడ ఏమీ అనలేదు కానీ, దాని కళ్ళు కూడా అదే చెప్పాయి. నిజానికి అందరికంటే నాకే ఎక్కువ భయం. బస్తా పక్కన పడి ఉన్న నేనే నాకు కనబడుతున్నాను. మర్నాడే బయల్దేరాను, పిల్లని తీసుకొద్దామనే.

రాయగడ నుంచి విజయనగరం దారి మనలో చాలామందికి తెలిసిందే. ఎడాపెడా కొండలు, గుమడ దాటాక పార్వతీపురం, తరవాత బొబ్బిలి. మన మజ్జిగౌరమ్మ గుడి పక్కనుంచి పారే నాగావళి కూడా ఇటువైపే దిగి శ్రీకాకుళం మీదుగా సముద్రంలో కలుస్తుంది. పార్వతీపురంలో టీ తాగుతుంటే ఎదుటి సీటు ముసలాయన అడిగాడు, ఎక్కడికి బాబూ అని. సంగతి చెప్పాను. ఆయన నవ్వేడు. "ఇక్కడికి దగ్గర్లోనే గదా వీరఘట్టం. కోడి రామ్మూర్తి నాయుడిది ఆ ఊరే. గుండెల మీద ఏనుగునెక్కించుకున్న మనిషి. అతగాడు పుట్టిన నేలలో బరువంటే భయపడితే ఎలాగ?" అన్నాడు. రామ్మూర్తి నాయుడు సొంత సర్కస్ పెట్టి దేశాలు తిరిగినవాడు, విజయనగరంలో పిల్లలకి వ్యాయామం నేర్పినవాడు. ఆఖరి రోజులు మన ఒడిశాలోనే, బలాంగీర్‌లో గడిపి 1942లో పోయాడు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. నాకు మాత్రం ఆ పెద్దాయన మాట అంత ఎక్కలేదు. ఏనుగునెక్కించుకున్నవాడి కథ చెప్పడానికి బాగుంటుంది, మన పిల్ల నడుముకి ఏమవుతుందో ఆ కథ చెప్పదు గదా అనుకున్నాను.

విజయనగరంలో దిగి ఆటో ఎక్కితే నెల్లిమర్ల ఎంతో దూరం కాదు. చంపావతి ఏరు, దూరంగా రామతీర్థం కొండలు. నెల్లిమర్ల అంటే జూట్ మిల్లు ఊరు. ఈ చుట్టుపక్కల పల్లెల్లో గోగు పండించడం, నార తీసి మిల్లులకి పంపడం పాత అలవాటు. ఆ నారతోనే గోనెసంచులు నేస్తారు. ఆటోలో కూర్చుని మిల్లు గోడలు చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. నా వీపు మీదెక్కిన వేల గోనెల్లో కొన్నయినా ఈ ఊరి మగ్గాల మీద పుట్టి ఉంటాయి. ఇక్కడ ఒకరు నేసి, మా దగ్గర ఒకరు నింపి, నేను మోశాను. ఇరవై రెండేళ్ళూ సంచి వంక చూశాను గానీ, అది మోస్తున్న నడుం సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

మా అప్ప చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టింది. "ఏట్రా తమ్ముడూ, గుంటని తీసుకుపోడానికి వచ్చినావా?" అని మొహం చూసి కనిపెట్టేసింది. "ముందు ఎల్లి సూడు. సూసాక నీకెలా తోస్తే అలా సెయ్యి." సాయంత్రం బావ బండి మీద కొండవెలగాడ వెళ్ళాం.

చూడడానికి మామూలు పల్లెటూరే. పొలాలు, పశువులు, అరుగుల మీద ముసలివాళ్ళు. కానీ ఈ ఊరి పేరు బరువులెత్తేవాళ్ళందరికీ తెలుసు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ ఆటల్లో 53 కిలోల తరగతిలో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఈ ఊరే. అప్పుడు ముందు కంచు వచ్చింది. మొదటి స్థానంలో వచ్చిన అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోతే అది వెండిగా మారింది. ఇదే రైలు మార్గంలో చీపురుపల్లి, పొందూరు దాటి వెళ్తే ఆమదాలవలస. ఆ పక్కనే ఊసవానిపేట, కరణం మల్లీశ్వరి ఊరు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెల్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. ఈ రెండూ మనలాంటి ఇళ్ళున్న ఊళ్ళే. బావ ఇవన్నీ తన సొంత పిల్లల సంగతుల్లా చెప్పుకొచ్చాడు.

పిల్లలు బరువులెత్తేది ఒక షెడ్డులాంటి చోట. నేలమీద చెక్క పలకలు, వాటి మీద ఇనుప కడ్డీలు, రబ్బరు చక్రాలు. పది పన్నెండు మంది ఉన్నారు, సగం మంది ఆడపిల్లలే. మా అమ్మాయి కోసం చూశాను. ఓ మూల నిలబడి ఉంది. చేతిలో ఇనుము లేదు, నీళ్ళ పైపు గొట్టం ముక్క ఉంది. దాన్నే నేల నుంచి ఎత్తుతోంది, తలపైకి తీసుకెళ్తోంది, దించుతోంది. మళ్ళీ మొదలు. నెల రోజుల నుంచీ ఇంతేనట. నాకు నవ్వూ వచ్చింది, ఊపిరీ తిరిగింది.

నేర్పే మాస్టారికి నా వయసే ఉంటుంది. నమస్కారం పెట్టి, "గొట్టంతోనేనా మాస్టారూ?" అన్నాను.

"గొట్టంతో తప్పు చేస్తే గొట్టం పడతాది. ఇనుంతో తప్పు చేస్తే మనిషి పడతాడు. అందుకని తప్పులన్నీ గొట్టంతోనే చేయించేస్తాం" అన్నాడాయన.

ఆ రోజు మా అమ్మాయికి మొదటిసారి కడ్డీ ఇచ్చారు. ఆడవాళ్ళ కడ్డీ 15 కిలోలు, మగవాళ్ళది 20. చక్రాలకి రంగులుంటాయి. ఎరుపు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ఏ రంగూ వెయ్యకుండా ఉత్త కడ్డీయే ఇచ్చి, ముందుగా ఆయన నేర్పింది ఏమిటో తెలుసా? ఎత్తడం కాదు, వదిలేయడం. బరువు చేతిలో నిలవదనిపిస్తే కడ్డీని ముందుకి వదిలి, మనిషి వెనక్కి ఒక అడుగు వెయ్యాలి. దాన్ని కాపాడాలని దాంతోపాటు వంగకూడదు. నాలుగు చక్రాలు వేసిన ఇంకో పెద్ద పిల్ల, తలపైకి తీసుకెళ్ళిన బరువు ఊగగానే వదిలేసింది. ధబీమని శబ్దం. నేను ఉలిక్కిపడ్డాను. ఆ పిల్ల జడ సర్దుకుని నీళ్ళు తాగడానికి వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. ఓడిపోయావని నవ్వలేదు, బరువు పాడైందని తిట్టలేదు.

అక్కడ నాకు గొంతు పట్టేసింది. నా బస్తాని నేను వదలలేకపోయాను. సంచి చిరిగితే గింజలు పోతాయి, మేస్త్రీ అరుస్తాడు, లారీ ఆలస్యమవుతుంది. అందుకని నడుంతో పట్టుకున్నాను. ఇదంతా మాస్టారికి చెప్పేశాను.

ఆయన విని, "పనికీ వ్యాయామానికీ తేడా అక్కడే ఉంది బాబూ" అన్నాడు. "పనిలో బరువెంతో ఇంకొకడు చెప్తాడు. ఎన్నిసార్లో లారీ చెప్తాది. అలిసిపోయినా ఆగడానికి లేదు. ఇక్కడ బరువు నువ్వు ఎంచుకుంటావు, పదిసార్లు ఎత్తి దించీసి కూకుంటావు, మర్నాడు సెలవు. కండ గట్టిపడేది ఆ సెలవులోనే. మీరు ఇరవయ్యేళ్ళు ఎత్తారు గానీ నడుముకి సెలవిచ్చిందెప్పుడు? అదీగాక బస్తా పని ఒకే పక్క, ఒకే తీరు. వీపు ముందుకి, మెడ కిందకి. మిగతా కండలకి పనే లేదు."

తరవాత నా నడుం గురించి అడిగాడు. కాలిలో తిమ్మిరి ఉందా, పాదం ఈడుస్తున్నావా, ఒంటికి పోసుకునేటప్పుడు ఇబ్బందా, డాక్టరు ఏమన్నాడు? అవేవీ లేవు, పనులు చేసుకోవచ్చన్నారు, నాకే భయం అని చెప్పాను. "అయితే రేపు పొద్దున్న రా. ఇనుం ముట్టనివ్వనులే" అన్నాడు.

మర్నాడు ఆయన ఇచ్చింది ఒక కర్ర. దాన్ని నా వీపు మీద నిలువుగా పెట్టి, ఒక చెయ్యి మెడ దగ్గర, ఒక చెయ్యి నడుం దగ్గర పట్టుకోమన్నాడు. కర్ర మూడు చోట్ల తగలాలి: తల వెనక, రెక్కల మధ్య, పిర్రల పైన. ఇప్పుడు మోకాళ్ళు కొంచెం వదులు చేసి, వెనక ఉన్న తలుపుని పిర్రలతో మూసినట్టు వెనక్కి జరిపి వంగమన్నాడు. మూడు చోట్లలో ఏదీ కర్ర వదలకూడదు. మొదటిసారి వంగగానే కర్ర నా తలని వదిలేసింది. ఇరవై రెండేళ్ళు నేను తుంటి దగ్గర కాకుండా నడుం దగ్గర వంగానన్న సంగతి ఆ కర్ర నిమిషంలో చెప్పింది. పదిహేనుసార్లు చేశాక తుంటి దగ్గర మడత పడడం ఎలా ఉంటుందో తెలిసింది. తొడల వెనక కండలు లాగాయి, నడుం మాత్రం ఊరుకుంది.

ఆ తరవాత సగం నీళ్ళున్న బకెట్ పెట్టి ఎత్తమన్నాడు. "దూరం నుంచి వంగి అందుకోకు. బకెట్ నీ పాదాల మధ్యకి రావాలి" అన్నాడు. కారణం అడిగితే, కాటా దగ్గర పనిచేసేవాడివి నీకే తెలియాలి అన్నాడు. నిజమే. పాత ప్లాట్‌ఫారం కాటాలో కడ్డీ మీద జరిపే గుండు ఉంటుంది. గుండు అదే, కానీ దూరం జరిపేకొద్దీ ఎక్కువ బరువుకి తూగుతుంది. ఒంటికి ఆనించి పట్టుకున్న పది కిలోలూ, చేతులు చాపి పట్టుకున్న పది కిలోలూ నడుముకి ఒకటి కావు. రోజూ ఆ గుండు జరుపుతూ కూడా ఈ లెక్క నా ఒంటికి వెయ్యలేదు.

ఏ వ్యాయామాలు ఎంచుకోవాలో కూడా ఆయన సులువుగా చెప్పాడు. వంద రకాలు అక్కర్లేదు. మనిషి ఒళ్ళు చేసే పెద్ద పనులు అయిదు. కూర్చుని లేవడం, తుంటి దగ్గర వంగి ఎత్తడం, నెట్టడం, లాగడం, మోసుకుని నడవడం. ఒక్కోదానికి ఒక్కో వ్యాయామం చాలు. ఇవి చేస్తే ఒకేసారి చాలా కండలూ, కీళ్ళూ కలిసి పనిచేస్తాయి. ఒక్క చేతి కండ ఉబ్బడానికి చేసే వాటికంటే ఇవే ఇంటి పనికీ, మిల్లు పనికీ అక్కరకొస్తాయి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఒక్కోటి ఎనిమిది పదిసార్లు, అలా రెండు మూడు విడతలు. ఇంకా రెండుసార్లు ఎత్తగలననిపించగానే ఆపెయ్యాలి. వచ్చే వారం తీరు చెడకుండా తేలిగ్గా అనిపిస్తేనే కొంచెం బరువు పెంచాలి. పెంచేది కిలో, రెండు కిలోలు, అంతే.

ఎత్తేటప్పుడు గుర్తుంచుకోవలసినవి ఇవి. ముందు అయిదు పది నిమిషాలు నడిచి, ఉత్త చేతులతో అదే కదలిక చేసి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఊగే చెప్పులతో ఎత్తకూడదు, గట్టి అడుగున్న బూట్లో, ఉత్తకాళ్ళో మేలు. గాలి పీల్చి పొట్ట బిగించి, కాళ్ళతో నేలని తొక్కుతున్నట్టు లేవాలి. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టకూడదు, లేచేటప్పుడు గాలి వదలాలి. పక్కకి తిరగాలంటే పాదాలు తిప్పాలి, నడుం మెలి తిప్పకూడదు. దించేటప్పుడూ ఎత్తిన దారిలోనే దించాలి. దించేటప్పుడు కూడా దెబ్బ తగలొచ్చు. నిద్ర లేచిన మొదటి గంటలో వంగి పెద్ద బరువు ఎత్తకూడదు, అప్పుడు డిస్కులు నీరు పట్టి బిగిసి ఉంటాయి. నడుముకి బెల్టు ఉంది గదా అని తాహతుకి మించి ఎత్తకూడదు. తప్పు తీరుని బెల్టు సరిచెయ్యదు.

మా అమ్మ భయాలు కూడా ఆయన ముందు పెట్టాను. ఎత్తు ఎదగదనేది అపోహ అన్నాడు. నేర్పేవాళ్ళు పక్కనుండి, తీరు సరిగా ఉండి, మెల్లగా పెంచుకుంటూ పోతే పిల్లల ఎదుగుదల ఆగదు. ఆగేది తిండి లేకపోతే. పప్పు, గుడ్డు, పాలు, వేరుశెనగ, ఉలవలు, చోళ్ళు, ఏదో ఒకటి కడుపునిండా ఉండాలి. ఎదిగే వయసులో పోటీ కోసం ఒకేసారి పెద్ద బరువు ఎత్తించడం మాత్రం తప్పు. ఇక రెండో భయానికి ఆయన జవాబు ఒక్కటే. "మల్లీశ్వరికి ఒలింపిక్ పతకం వచ్చింది 2000లో. కొడుకు పుట్టింది 2001లో. మీ అమ్మగారికి ఈ రెండు సంవత్సరాలూ చెప్పండి."

ఫోను చేసి చెప్పాను. మా అమ్మ కాసేపు ఊరుకుని, "నిజవేనేటి?" అంది. మా అప్ప ఫోను లాక్కుని, "నిజవే అమ్మా. నువ్వు నీళ్ళ కావిడి మోసి ఆరుగుర్ని కన్నావు గదా, నీకేటయినాది?" అంది. దానికి మా అమ్మ దగ్గర జవాబు లేదు.

పిల్లని తీసుకొద్దామని వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణే రైలెక్కాను. మూడు మాటలు మాత్రం తీసుకున్నాను. పది పరీక్షల నెలలో చదువే ముందు. నొప్పి వస్తే దాచకూడదు. మాస్టారు లేనప్పుడు ఇనుం ముట్టకూడదు. మూడోది చెప్పగానే, "అది ముందే ఇక్కడ రూలు నాన్నా" అంది.

ఇంటికొచ్చి నేనూ మొదలుపెట్టాను. ఇనుము కొనలేదు. స్టూలు మీద కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, గోడని నెట్టడం, మంచం పట్టి మీద ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో బకెట్ నడుం దాకా లాగడం, చిన్న ఇసుక మూట నేల నుంచి ఎత్తి దించడం, రెండు బకెట్లు పట్టుకుని వీధి చివరిదాకా నడవడం. ఆ అయిదు పనులే. అయిదు కిలోల ఇసుకతో మొదలుపెట్టాను. వీధిలో కుర్రాళ్ళు నవ్వారు. రెండో నెలలో నాకు పొగరెక్కి, ఒక్కసారిగా పదిహేను కిలోలు చేశాను. రెండు రోజులు నడుం పట్టేసింది. కాలిలోకి దిగలేదు కాబట్టి భయపడకుండా నడుస్తూ ఉన్నాను, తగ్గాక మళ్ళీ ఎనిమిది నుంచి మొదలు. కండ తీపు వేరు, అది రెండు రోజుల్లో పోతుంది. కానీ నొప్పి మోకాలు దాటి కిందకి పాకినా, కాలు తిమ్మిరెక్కినా, పాదంలో బలం తగ్గినా డాక్టరుకి చూపించాలి. ఒంటికి బంధం పడినా, తొడల మధ్య స్పర్శ పోయినా ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఇది మాత్రం మరిచిపోకండి.

ఇప్పుడు తొమ్మిది నెలలయింది. ఇరవై అయిదు కిలోల బియ్యం మూట నేల నుంచి ఎత్తి అటక కింద పెట్టగలను. నీళ్ళ బిందెకి ఎవర్నీ పిలవడం లేదు. మళ్ళీ బస్తా పనికి మాత్రం వెళ్ళలేదు, వెళ్ళను కూడా. బలం వచ్చింది గదా అని డెబ్భై అయిదు కిలోలు వీపు మీద వేసుకుంటే నేర్చుకున్నదానికి అర్థం లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే, మగ కార్మికుడు చేత్తో మోసే బరువు 55 కిలోలకి మించకూడదని సిఫారసు చేసింది. మన పాత ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ కూడా, దెబ్బ తగిలేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదనే చెప్పింది. వ్యాయామం చేసి ఒళ్ళు గట్టిపరుచుకోవడం మన పని. బస్తా బరువు తగ్గించమని, జతగాణ్ణి ఇమ్మని కలిసి అడగడం కూడా మన పనే. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదని అనుకోకండి.

మా కాటా దగ్గరికి కొత్తగా చేరిన కళాసీ కుర్రాళ్ళు వస్తారు. బస్తా దగ్గరకంటా వెళ్ళి నిలబడమని, జతగాడు లేకుండా నేల బస్తా ముట్టవద్దని, పాదాలు తిప్పమని చెప్తుంటాను. ఒకడు మొన్న అడిగాడు, "చేయి జారుతుంటే ఏం చెయ్యాలి మామా?" అని.

"వదిలేసి వెనక్కి అడుగు వెయ్యి" అన్నాను.

"గింజలు పోతే?"

"ఊడ్చుకోవచ్చురా" అన్నాను.

మా చిన్నమ్మాయి ఇంకా ఏ పతకమూ తేలేదు. పోయిన ఆదివారం ఫోను చేసి, కడ్డీకి మొదటిసారి ఆకుపచ్చ చక్రాలు రెండు వేశారని చెప్పింది. మా అమ్మ పక్కనుంచి, "అంటే ఎంతవుతాదే?" అని అడిగింది. ముప్ఫై అయిదు కిలోలు నానమ్మా అంది. మా అమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుని, "మెల్లగా దించు తల్లీ" అంది.